ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు, ఆయన వ్యాధి

ధ్యానభాగము: మార్కు సువార్త 5:35–43



యాయీరు కుమార్తె సంగతి మీరు అనేకమారులు వినియున్నారు. సమాజమందిరపు అధికారి యింట పండ్రెండేండ్ల పిల్ల చనిపోయెను. ప్రభువు వచ్చి, ఏడ్చువారిని వెలుపలికి పంపి, ఆ చిన్నదాని చెయ్యి పట్టుకొని లేపెను. అది లేచి నడిచెను. ఇంతవరకు మనమందరము చెప్పుదుము. బోధకులమైన మేము కూడ చాలమారులు ఇక్కడనే ఆగుదుము. కాని మార్కు ఇంకొక సంగతి వ్రాసియున్నాడు. ఇంటివారు నోట మాట లేక నిలిచియుండగా, పిల్లకు ఏమైనను తినుటకు పెట్టుడని ప్రభువు వారితో చెప్పెను. లూకా సువార్తలోను ఈ సంగతి కలదు. అంత గొప్ప కార్యము జరిగిన వెంటనే ఆయన అడిగినది ఆ పిల్ల భోజనము గురించియే.

ఇరువది సంవత్సరములు పరిచర్య చేసియు నేను ఆ మాట మీద నిలిచి ధ్యానించినవాడను కాను. గత సంవత్సరము మన సంఘములోని ఒక యింట జరిగిన దాని వలన అది నా కంటబడెను. ఆ యింటి సంగతి తరువాత చెప్పెదను. అందులో నా తప్పు కూడ కలదు. ముందుగా మన చీరాల ప్రాంతములో పిల్లలు సహితము పేరెరిగిన ఒక మహనీయుని జీవితమును మీ ముందు పెట్టుచున్నాను. ఆయన మన మతస్థుడు కాడు, శ్రీరామభక్తుడు. అయినను ఆయన మరణమునకు హేతువైన వ్యాధి మన యిండ్లలో నేటికిని కలదు గనుక, ఆయన చరిత్ర మనకు పరాయిది కాదు.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889 జూను 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు గ్రామములో జన్మించిరి. పుట్టిన మూడవ దినమున తల్లి గతించెను. మూడవ యేట తండ్రియు గతించెను. నాయనమ్మయు బంధువులును ఆ బిడ్డను కూచినపూడిలోను గుంటూరులోను పెంచిరి. తల్లి పాలు ఎరుగని బిడ్డ ఆ కాలములో బ్రదికి పెద్దవాడగుటయే విశేషము. ఆ ముసలమ్మ ఏమి పెట్టి ఎట్లు పెంచెనో గాని, ఆమె పేరు చరిత్రలో ఎవరును తలచుట లేదు.

బాపట్లలోను గుంటూరులోను చదువు సాగెను. కుఱ్ఱవాడు చురుకైనవాడు, మాటకారి, పాటగాడు. బడి పాఠములకంటె పద్యములు, నాటకములు ఎక్కువ ఇష్టము. 1911లో నడింపల్లి వెంకట లక్ష్మీనరసింహారావుగారను స్నేహితునితో కూడ సముద్రము దాటి స్కాట్లాండు దేశములోని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు వెళ్లి, అక్కడ ఎం.ఏ. పట్టా పొందిరి. ఆ కాలములోనే ఆనంద కుమారస్వామి అను గొప్ప కళాపండితునితో పరిచయము కలిగెను. నందికేశ్వరుని అభినయదర్పణమును వారిద్దరు కలిసి ఆంగ్లములోనికి తెచ్చిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలో అచ్చయ్యెను. మన కూచినపూడిలో పెరిగిన తల్లిదండ్రులు లేని బిడ్డ పేరు అట్టి పుస్తకము మీద ఉన్నదని మన బడిపిల్లలకు చెప్పవలెను.

తిరిగివచ్చిన పిమ్మట రాజమహేంద్రవరములో ఉపాధ్యాయుడుగాను, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలోను పనిచేసిరి. ఎక్కడను ఎక్కువకాలము నిలువలేదు. ఒకరి క్రింద తల వంచి పనిచేయు స్వభావము ఆయనకు లేదు. అట్టివారు కుటుంబమునకు జీతము తేలేరు. ఇది నేను నిందగా చెప్పుట లేదు. తరువాత జరిగినది తెలియుటకు చెప్పుచున్నాను.

1919లో ఆయన చీరాల చేరిరి. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వము చీరాలను పేరాలను కలిపి ఒక మునిసిపాలిటీగా చేసెను. ఆ రెండు ఊళ్లలో కలిసి సుమారు 15,000 మంది జనము. ఎక్కువమంది నేతపనివారు, రైతులు, చిన్న వర్తకులు. మగ్గము మీద దినమెల్ల కూర్చున్నను రెండు పూటల గంజికి చాలని ఇండ్లు ఎన్నో. అట్టివారి మీద పన్ను ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగెను. మునిసిపాలిటీ మాకు వద్దని జనులు మొఱపెట్టుకొనిరి. ప్రభుత్వము వినలేదు. పన్ను కట్టనివారిని జైలుకు పంపిరి.

1921లో బెజవాడలో కాంగ్రెసు సభలు జరిగినప్పుడు గోపాలకృష్ణయ్యగారి రామదండు అక్కడ పనిచేసెను. రామదండు అనగా ఆయన కూర్చిన స్వచ్ఛంద సేవకుల సైన్యము; కాషాయ వస్త్రములు కట్టి, భజనలు చేయుచు, సభలలో క్రమము కాపాడుచుండిరి. సభలైన పిమ్మట ఏప్రిల్ 6న గాంధీగారు చీరాలకు వచ్చిరి. పన్ను కట్టక శాంతముగా శిక్ష అనుభవించుట ఒక మార్గము, ఊరు విడిచి మునిసిపాలిటీ ఎల్లలు దాటిపోవుట రెండవ మార్గము అని ఆయన సలహా. ఊరు విడుచుటయే మేలని గోపాలకృష్ణయ్యగారు నిశ్చయించిరి. ఆ నెల చివర, మండుటెండలలో, 15,000 మందిలో సుమారు 13,000 మంది పిల్లలతో ముసలివారితో, పశువులతో, మగ్గములతో బయటికి వెళ్లి, ఎల్ల అవతల తాటాకు పాకలు వేసికొనిరి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టిరి. ఇశ్రాయేలీయులు గుడారములలో ఉండుటను గురించి చదువునప్పుడెల్ల మా ప్రాంతమువారికి రామనగరము జ్ఞాపకము వచ్చును.

పదకొండు నెలలు అట్లు గడచెను. ఎండకాలము, వానకాలము, చలికాలము, అన్నియు పాకలలోనే. అంతమందికి తిండి, నీరు, పని సమకూర్చుట సామాన్యమైన సంగతి కాదు. ధనము కొఱకు ఆయన ఊరూర తిరిగిరి. అట్లు బరంపురము వెళ్లినప్పుడు ప్రసంగింపకూడదని ప్రభుత్వము ఆజ్ఞ ఇచ్చెను. ఆయన ఆజ్ఞ మీరి ప్రసంగించిరి. ఒక సంవత్సరము శిక్ష వేసి తిరుచునాపల్లి జైలులో పెట్టిరి. నాయకుడు లేక, డబ్బు లేక, 1922లో జనులు తిరిగి ఊరు చేరిరి. కొందరు దీనిని ఓటమి అందురు. పదమూడువేలమంది ఒక మాట మీద దాదాపు సంవత్సరము నిలిచిన దానిని ఓటమి అనుటకు నాకు నోరు రాదు.

ఆంధ్రరత్న అను బిరుదు జనులిచ్చినది. తరువాత సాధన అను పత్రికను నడిపిరి. హాస్యమునకు, ఆశుపద్యములకు ఆయన పెట్టినది పేరు. కాని పత్రిక వలన, పద్యముల వలన ఇల్లు నడువదు. ఉద్యోగము లేదు, నిలుకడైన సంపాదన లేదు. చివరి సంవత్సరములు దారిద్ర్యములో గడచెను. ఆ దారిద్ర్యములోనే క్షయ ఆయనను పట్టుకొనెను. 1928 జూను 10న కన్నుమూసిరి. అప్పటికి ముప్పదితొమ్మిదేండ్లు నిండి ఎనిమిది దినములు. బెజవాడలో కాంగ్రెసువారి భవనమునకు ఆంధ్రరత్న భవనమని ఆయన పేరు పెట్టిరి. చాలమంది ఆ పేరు చదువుదురు గాని ఆయన ఏ వ్యాధితో పోయిరో ఎరుగరు.

ఇప్పుడు ఆ వ్యాధిని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను.

క్షయ సూక్ష్మక్రిమి వలన కలుగునని జర్మనీ దేశపు వైద్యుడు రాబర్ట్ కోక్ 1882లో లోకమునకు తెలిపెను. క్రిమి తెలిసెను గాని దానిని చంపు మందు తెలియలేదు. గోపాలకృష్ణయ్యగారు మరణించిన 1928లో లోకమంతటిలోను క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలో కనిపెట్టబడెను. ఐసోనియజిడ్ మాత్ర 1952లో వాడుకలోనికి వచ్చెను. అంతవరకు చికిత్స అనగా ఏమి? విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. అంతే. ఊపిరితిత్తి చుట్టునున్న పొరల మధ్యకు గాలి ఎక్కించి దానిని ముడుచుట వంటి పద్ధతులు కొన్ని ఉండెను గాని, అందరికిని మూలమైన చికిత్స ఆ మూడే.

మన తెలుగు దేశములో దానికి పేరుపొందిన స్థలము మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము. దక్షిణ హిందూదేశములోని అనేక ప్రొటెస్టెంటు మిషనులు కలిసి దానిని స్థాపించిరి. 1912లో చిన్నదిగా మొదలై 1915 నుండి ఇప్పటి స్థలములో నడిచెను. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న ఎత్తుప్రదేశము. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్‌గారు మొదటినుండి దాని పెద్ద వైద్యుడు. ఆ కాలపు శానిటోరియములన్నిటను రోగి మంచము వరండాలో వేసి, పాలు, గ్రుడ్లు, వెన్న, మాంసము వేళకు పెట్టి, క్రమముగా తూకము చూచుచుండిరి. తూకము పెరిగెనా, ఆశ ఉన్నది. తగ్గెనా, వైద్యుని ముఖము మారును. అనగా ఆ దినములలో అన్నమే మందు. అయితే ఆ మందు కొనుటకు బీదవానికి శక్తి లేదు. నెలలతరబడి పని మాని పాలు గ్రుడ్లు తినగలవాడు ఎవడు? పండ్రెండువేల మైళ్లు పోయివచ్చి పట్టా తెచ్చిన పండితునికే ఆ భాగ్యము లేనప్పుడు, పేరాల సాలెవాని సంగతి చెప్పనక్కరలేదు.

ఆకలికిని క్షయకును ఉన్న బంధుత్వము ఇట్లున్నది. క్రిమి గాలి ద్వారా ఊపిరిలోనికి పోవును. పోయినవారందరికి జబ్బు రాదు. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి జీవితకాలమంతయు రాదు. శరీరబలము దానిని కట్టివేసి ఉంచును. తిండి లేక ఆ బలము తగ్గినప్పుడు క్రిమి కట్లు తెంచుకొనును. జబ్బు వచ్చిన పిమ్మట ఆకలి చచ్చును, జ్వరము కండను కరిగించును, పని పోవును, పని పోయినందున తిండి ఇంకను తగ్గును. రెండవ ప్రపంచయుద్ధకాలములో జర్మనీవారి చెరలో బ్రిటిషు ఖైదీలు, రష్యా ఖైదీలు ఒకే విధమైన స్థితిలో ఉండిరి. బ్రిటిషువారికి రెడ్‌క్రాసు సంఘము నుండి ఆహారపు పొట్లములు వచ్చుచుండెను, రష్యావారికి రాలేదు. క్షయ బ్రిటిషువారిలో స్వల్పము, రష్యావారిలో దానికి అనేక రెట్లు. అదే పాక, అదే చలి, భేదము పొట్లములోనిదే.

మందులు వచ్చిన తరువాత 1956లో మద్రాసులో ఒక ముఖ్యమైన పరిశోధన జరిగెను. 193 మంది బీద రోగులలో కొందరిని శానిటోరియములో ఉంచిరి, కొందరికి ఇంటియొద్దనే మాత్రలిచ్చిరి. శానిటోరియములోనివారికి మంచి భోజనము, విశ్రాంతి. ఇంటిలోనివారికి ఇరుకు గది, చాలీచాలని తిండి. ఒక సంవత్సరమైన తరువాత చూడగా ఇరువురిలోను దాదాపు సమానముగా క్రిమి పోయెను. దీనివలన లోకమునకు గొప్ప మేలు కలిగెను. రోగి ఇల్లు విడువనక్కరలేదని తెలిసి, మాత్ర పల్లెలకు వచ్చెను. అయితే మేలుతో కూడ ఒక మరపు కూడ వచ్చెనని నా అభిప్రాయము. శానిటోరియములోనివారే ఎక్కువ బరువు పెరిగిరన్న సంగతి మూలకు పోయెను. మాత్ర మ్రింగిన చాలును, తిండి ఎట్లున్నను సరే అనుమాట వాడుకయ్యెను.

ఆ మరపును సరిచేసిన పని ఇటీవలిది. 2019 నుండి 2022 వరకు జార్ఖండు రాష్ట్రములో వైద్యులు 2,800 మంది రోగులకు మాత్రలతో పాటు ఆరు నెలలు ఆహారము ఇచ్చి చూచిరి. ఆ రోగులలో నూటికి ఎనుబదిమంది ఉండవలసిన బరువు లేనివారు. మొదటి రెండు నెలలలో నూటికి ఐదువంతుల బరువు పెరిగినవారిలో మరణములు సుమారు అరువది శాతము తక్కువాయెను. రోగుల ఇండ్లలోని పదివేలమందికి పైగా చూచిరి. వారిలో కొన్ని ఇండ్లకు మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యము, కిలోన్నర పప్పు ఇచ్చిరి. అట్టి ఇండ్లలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గెను. కిలోన్నర పప్పు! మన పెండ్లివిందులో ఒక వరుస ఆకులలో మిగిలి పారవేయబడునంత.

ఇక మన సంఘములోని ఆ యింటి సంగతి.

ఆ అబ్బాయికి ఇరువదినాలుగేండ్లు. పేరు వ్రాయను, మీలో కొందరెరుగుదురు. ఇక్కడ మగ్గము పని చాలక, మూడేండ్ల క్రితము హైదరాబాదు వెళ్లి, ఫిలింనగరులో సినిమావారి దగ్గర దీపములు మోయు పనిలో చేరెను. నేనొకమారు నగరములో సభలకు పోయినప్పుడు అతనిని చూచితిని. జూబిలీహిల్సు కొండ మీద నటుల మేడలు, దిగువ కృష్ణానగరు సందులలో ఈ పనివాండ్ర గదులు. ఒక గదిలో ఏడుగురు. కిటికీ ఒక్కటి, అదియు ప్రక్కగోడకు ఎదురుగా. షూటింగు ఉన్న దినమున మూడుపూటలు మంచి భోజనము దొరకును, లేని దినములలో టీయు బన్నును. నెలలో సగము దినములు రెండవ రకమువే. అప్పటికే దగ్గుచుండెను. సెట్టులలో ధూళి, పొగ అని నవ్వెను. నేనును నవ్వి, ప్రార్థనచేసి, వచ్చివేసితిని. ఆ పూట ఏమి తింటివి అని అడుగలేదు.

ఆరు నెలలకు ఇల్లు చేరెను. కళ్లె పరీక్షలో క్షయ అని తేలెను. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో తూచినప్పుడు నలుబదియొక్క కిలోలు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి కనీసము ఏబది కిలోలు ఉండవలెను. మాత్రలు ఉచితముగా ఇచ్చిరి. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉండును; ముప్పదియైదు మొదలు నలుబదితొమ్మిది కిలోలవరకు దినమునకు మూడు, అంతకంటె బరువుగలవారికి ఎక్కువ. అతనికి మూడు.

తల్లి ప్రేమగల స్త్రీ. కొడుకుకు పథ్యము పెట్టెను. మాత్రలు వేడి గనుక గ్రుడ్డు కూడదు, చేప కూడదు, కందిపప్పు వాతము, వంకాయ దురద. చారన్నము, మజ్జిగ మాత్రమే. మన పల్లెలలో ఈ మాట చెప్పని ఇల్లు లేదు. క్షయరోగికి దినమునకు మాంసకృత్తులు అరువది గ్రాములకు తగ్గకూడదు. ఒక గ్రుడ్డులో ఆరు గ్రాములు, నూరు గ్రాముల వేరుసెనగ పప్పులలో ఇరువదియైదు, నూరు గ్రాముల కందిపప్పులో ఇరువదిరెండు, నూరు గ్రాముల బియ్యములో ఏడు. చారన్నముతో ఆ లెక్క నిండవలెనన్న దాదాపు కిలో బియ్యము వండి తినవలెను. ఆకలి లేని మనిషి ఎట్లు తినును? వేడి అనునది పాత మాటయే గాని, ఈ మాత్రలకు గ్రుడ్డు విరోధము కాదు. మూత్రము ఎఱ్ఱగా వచ్చుట చూచి జనులు వేడి అందురు. అది రిఫాంపిసిన్ అను మందు రంగు మాత్రమే.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. ఆ యింట మూడు దినములు ఉపవాస ప్రార్థనలు పెట్టించినది నేనే. ఉదయము నుండి సాయంత్రమువరకు ఇంటివారందరు ఉపవాసముండిరి, రోగియు ఉండెను. వద్దని నేను చెప్పలేదు. అతని విశ్వాసమును చూచి సంతోషించితిని కూడ. రెండవ దినమున ఖాళీకడుపుతో మాత్రలు మ్రింగి వాంతి చేసికొనెను. మూడవ దినము మొదలుకొని మాత్రలు మానివేసెను. అట్లు నాలుగు దినములు. ఐదవ దినమున ఆశా కార్యకర్త, మన వీధి ఆడపడుచే, గుమ్మములో నిలిచి, అయ్యగారూ, మీరు చదువుకున్నవారు గదా అని ఊరకొనెను. అంతకుమించి ఆమె ఒక్కమాట అనలేదు. మరుసటి వారము తూకము ముప్పదితొమ్మిదిన్నర.

ఆ రాత్రి యాయీరు కుమార్తె భాగమును తీసి చదివితిని. సెమినరీలో ఆ అధ్యాయము మీద నేను పరీక్ష వ్రాసియున్నాను.

తరువాతి ఆదివారము సంఘములో నా తప్పు ఒప్పుకొంటిని. రోగులు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఉపవాసముండరాదని, వారి బదులు మనమే ఉందుమని తీర్మానము వ్రాసితిమి. ఉపవాసమున్నవారు ఆ పూట మిగిలిన బియ్యము, పప్పు రోగి యింటికి పంపవలెను. ఉపవాసమునకు యెషయా యేబది యెనిమిదవ అధ్యాయములో ఉన్న అర్థము అదే గదా! స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని దినమునకు రెండు గ్రుడ్లు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుసెనగలు బెల్లముతో పంపిరి. చెరువు చేపలు దొరికినప్పుడు ఒకటి. మునగాకు కూర మన దొడ్లలో ఊరకనే ఉన్నది. పండ్లు మాత్రము వద్దని చెప్పితిమి. రోగిని చూడబోవువారు అందరు అరడజను బత్తాయిలు తీసికొనిపోవుదురు. అవి మంచివే గాని వాటిలో కండ పట్టించునది లేదు.

సంఘములో ఇంకొక గొణుగుడు కూడ లేచెను. ఆ యింటి పళ్లెములు మన పళ్లెములతో కలుపవచ్చునా అని. క్షయ దగ్గు తుంపరల గాలి ద్వారా వచ్చును గాని పళ్లెము, గ్లాసు, బట్టల ద్వారా రాదు. నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొని కిటికీ తెరచి కూర్చున్న చాలును. సరియైన మందు క్రమముగా పడుచుండగా కొద్ది వారములలో అంటించు గుణము బహుగా తగ్గును. ఈ సంగతి తెలిసియు ఇద్దరు పెద్దలు ఆ వీధి మాని చుట్టుత్రోవను నడిచిరి. వారి పేర్లును వ్రాయను.

ప్రభుత్వము 2018 ఏప్రిల్ నుండి క్షయరోగులకు ఆహారము నిమిత్తము నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండెను. 2024 నవంబరు నుండి 1,000 చేసెను. నిక్షయ్ పోషణ్ యోజన అని దాని పేరు. సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడును. ఈ అబ్బాయి ఖాతా సరిగా కలుపబడక మూడు నెలలు రాలేదు. కాగితములు పట్టుకొని నేను రెండుమారులు తిరిగిన మీదట వచ్చెను. వెయ్యి రూపాయలనగా దినమునకు ముప్పదిమూడు. ఆ సొమ్ము రోగి పళ్లెములోనికే వచ్చునట్లు చూచుట ఇంటివారి పని. కొన్ని ఇండ్లలో అది అప్పువానికి పోవును, కొన్నిటిలో చిన్నపిల్లల ఫీజుకు పోవును. వారిని తప్పుపట్టుటకు నాకు ధైర్యము చాలదు. అందుకే ఆ ఇంటికంతటికి బియ్యము పప్పు ఇచ్చుట మంచిదని జార్ఖండు వైద్యులు కనుగొన్నది నాకు సబబుగా తోచుచున్నది. ఒక్కరికే పెట్టిన గ్రుడ్డును తల్లి నాలుగు ముక్కలు చేయును. ఈ యింటి చెల్లెలు కూడ సన్నగానే ఉండెను. ఆమెను సహితము పరీక్ష చేయించితిమి, జబ్బు లేదు, దేవునికి స్తోత్రము.

రెండవ నెల కడపట నలుబదిమూడు కిలోలు. అప్పుడు ఆకలి వచ్చెను. మందు పనిచేయుటకు మొదలిడగానే రోగికి ఆకలి పులివలె వచ్చును. ఆ వేళకు కుండలో అన్నము ఉండవలెను. అబ్బాయి రాత్రి లేచి చద్దన్నము వెదకుచున్నాడని తల్లి వచ్చి చెప్పి ఏడ్చెను, సంతోషముతోనో భయముతోనో నాకు తెలియలేదు. ఆరు నెలలు పూర్తియగునాటికి నలుబదియెనిమిది. కళ్లెలో క్రిమి లేదని కాగితము ఇచ్చిరి. ఫిలింనగరుకు మరల పోయెదనని అనుచున్నాడు. ఏబది దాటువరకు ఆగుమని చెప్పితిని; వినునో వినడో.

మొన్న ఆదివారము ఆరాధనయైన తరువాత అతని తల్లి నా దగ్గరకు వచ్చెను. ప్రక్క పాలెములో ఒక ముసలి నేతగానికి రెండు వారములనుండి మాత్రలు మొదలుపెట్టిరట. కోడలు అతనికి చారన్నము పెట్టుచున్నదట. ఈమె తన యింటి పెట్ట పెట్టిన గ్రుడ్లు ఆరు గుడ్డలో మూటకట్టి తెచ్చెను. అక్కడికి నడిచిపోవుటకు నన్ను తోడు రమ్మని అడిగెను. మధ్యాహ్నపు ఎండలోనే పోతిమి.